హైటెక్ సిటీలో మూడో సిగ్నల్: వొడాఫోన్ ఐడియా బతికితే ఎవరికి లాభం?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పట్లో హైదరాబాద్‌లో సెల్‌ఫోన్ కనెక్షన్ కావాలంటే రెండే ప్రైవేటు పేర్లు. ఒకటి టాటా సెల్యులార్, ఇంకొకటి జేటీ మొబైల్స్. సర్కిల్‌కు ఇద్దరికే లైసెన్స్ ఇవ్వడం అప్పటి విధానం. ఫోన్ చేసినా బిల్లే, వచ్చినా బిల్లే. వచ్చిన కాల్‌కు డబ్బులు కట్టే బాధ 2003లో గానీ తప్పలేదు.

జేటీ మొబైల్స్‌ను తర్వాత భారతి గ్రూపు కొనుక్కుంది. అదే ఈనాటి ఎయిర్‌టెల్. టాటా సెల్యులార్ బిర్లా ఏటీ అండ్ టీలో కలిసింది, 2002లో ఐడియా అయింది, 2018లో వొడాఫోన్‌తో కలిసి వొడాఫోన్ ఐడియా అయింది, 2020లో వీఐ అనే కొత్త పేరు పెట్టుకుంది. అంటే పాతికేళ్ల కిందట ఈ నగరంలో పక్కపక్కన దుకాణం తెరిచిన ఇద్దరిలో ఒకరి వారసుడు ఇప్పుడు మార్కెట్‌ను ఏలుతున్నాడు. రెండోవాడు బాకీల కింద నలిగిపోతున్నాడు. రెండోవాడు కూడా పోతే హైదరాబాద్ మళ్లీ రెండు ప్రైవేటు పేర్ల కాలానికే వస్తుంది. కాకపోతే అప్పుడు ఫోన్ షోకు, ఇప్పుడు అవసరం. రేషన్ ఓటీపీ నుంచి స్కూల్ ఫీజు దాకా అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

మధ్యలో వచ్చినవాళ్లంతా ఏమయ్యారో గుర్తు చేసుకుంటే సంగతి అర్థమవుతుంది. తక్కువ రేట్లతో బస్తీల్లో బాగా అల్లుకుపోయిన యూనినార్, తర్వాత పేరు మార్చుకున్న టెలినార్, 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. టాటా డొకోమో వినియోగదారులు 2019లో అటే వెళ్లారు. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అనిల్ అంబానీ రిలయన్స్ 2017 చివర్లో మొబైల్ కాల్స్ ఆపేసింది. ఒక్కో సిమ్ పోయినప్పుడల్లా జనం ఇంకో సిమ్ వేసుకున్నారు, అంతే అనుకున్నారు.

ఇంతమందిని ఊడ్చేసిన గాలి 2016 సెప్టెంబర్ 5న మొదలైంది. ఆ రోజు జియో వచ్చింది. కాల్స్ ఎప్పటికీ ఉచితం అంది. డేటా 2017 మార్చి 31 దాకా ఉచితంగా ఇచ్చింది. ఆ ఏడు నెలల్లో పిల్లల చేతికి వీడియోలు అలవాటయ్యాయి, పెద్దల చేతికి వాట్సాప్ కాల్స్ అలవాటయ్యాయి. 2017లోనే రూ.1,500 డిపాజిట్‌తో జియోఫోన్ తెచ్చి కీప్యాడ్ వాడేవాళ్లను కూడా లాక్కుంది. అదే ఏడాది అక్టోబర్‌లో ట్రాయ్ ఇంకో దెబ్బ వేసింది. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాల్ వెళ్తే ఇచ్చిపుచ్చుకునే చార్జీని నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించింది. ఎక్కువ మంది వినియోగదారులున్న పాత కంపెనీలకు ఎక్కువ కాల్స్ వచ్చేవి, దాంతో ఆ చార్జీ ఆదాయమూ వచ్చేది. 2021 జనవరి నుంచి అది పూర్తిగా సున్నా అయిపోయింది.

ఈ గాలికి తట్టుకోవడానికే వొడాఫోన్, ఐడియా చేతులు కలిపాయి. 2018 ఆగస్టు 31న విలీనం పూర్తయ్యేసరికి 40 కోట్లకు పైగా వినియోగదారులతో దేశంలో అదే పెద్ద కంపెనీ. లెక్కల్లో ఏనుగే. కానీ రెండు ఇళ్ల సామాను ఒకే ఇంట్లో సర్దినట్టు, రెండు నెట్‌వర్కులను, రెండు రకాల పరికరాలను, ఒకే వీధిలో ఉన్న రెండేసి టవర్ సైట్లను కలిపే పనిలో ఏళ్లు గడిచాయి. అవతలివాళ్లు ఆ ఏళ్లలో కొత్త 4జీ వేసుకుంటూ పోయారు.

అప్పుడే కంపెనీ తీసుకున్న ఒక నిర్ణయం గురించి పెద్దగా చర్చ జరగలేదు గానీ, అసలు కథ అక్కడే ఉంది. 2018 చివర్లో కనీస రీచార్జ్ వచ్చింది. సిమ్ బతికి ఉండాలంటే 28 రోజులకోసారి రూ.35 వేయాలి. అంతకు ముందు పది రూపాయలు వేసుకుని నెలల తరబడి ఇన్‌కమింగ్ మీద నెట్టుకొచ్చే ఇళ్లు ఎన్నో ఉండేవి. డబ్బు కట్టని వినియోగదారుడు బరువే తప్ప లాభం లేదని కంపెనీ అనుకుంది. ఎయిర్‌టెల్ కూడా అదే దారి పట్టింది. ఫలితం: ఒక్క మూడు నెలల్లో వొడాఫోన్ ఐడియా వినియోగదారులు 42.2 కోట్ల నుంచి 38.7 కోట్లకు పడిపోయారు. పేదవాళ్లు పోతే పోయారు, ఎక్కువ కట్టేవాళ్లు మిగులుతారన్నది లెక్క. ఎయిర్‌టెల్ విషయంలో ఆ లెక్క నిజమైంది, ఎందుకంటే మిగిలినవాళ్లకు చూపించడానికి దాని దగ్గర నెట్‌వర్క్ ఉంది. వొడాఫోన్ ఐడియా కింది మెట్టు వదిలేసింది, పై మెట్టు మీద మాత్రం కాలు పెట్టలేకపోయింది.

పై మెట్టు అంటే హైదరాబాద్‌లో ఏమిటో చెప్పనక్కర్లేదు. మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ. కంపెనీ బిల్లు కట్టే పోస్ట్‌పెయిడ్ కనెక్షన్లు, ఖరీదైన హ్యాండ్‌సెట్లు, ఇంట్లో నలుగురికీ ఒకే ఫ్యామిలీ ప్లాన్ తీసుకునే కుటుంబాలు. 2022 అక్టోబర్‌లో ఎయిర్‌టెల్ 5జీ మొదలుపెట్టిన 8 నగరాల్లో హైదరాబాద్ ఒకటి. జియో నవంబర్‌లో వచ్చేసింది. వొడాఫోన్ ఐడియా దేశంలో తన మొదటి 5జీని ముంబైలో 2025 మార్చిలో గానీ ప్రారంభించలేకపోయింది. మధ్యలో రెండున్నర ఏళ్లు. ఈ రెండున్నర ఏళ్లలో ఐటీ ఉద్యోగి ఒకసారైనా ఫోన్ మార్చి ఉంటాడు. 5జీ ఫోన్ కొన్నాక 4జీ సిమ్ ఎందుకు అనిపించడం సహజం.

రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా డేటా ఫ్రీ అని వీఐ ఇచ్చిన ఆఫర్ చూస్తే, అమెరికా టైమ్‌లో పనిచేసే ఈ కారిడార్ కోసమే చేశారా అనిపిస్తుంది. తమాషా ఏమిటంటే ఆ టైమ్‌లో వాళ్లు ఆఫీసు వైఫై మీదనో, ఇంట్లో ఫైబర్ మీదనో ఉంటారు. హైదరాబాద్‌కు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ బీమ్ టెలికాం రోజుల నుంచే అలవాటు. ఆ ఇంటి కనెక్షన్‌ను కూడా ఇప్పుడు గాలిలోనే ఇస్తున్నారు: 2023 సెప్టెంబర్‌లో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైన 8 నగరాల్లోనూ హైదరాబాద్ ఉంది. పోటీ జేబులో ఫోన్ నుంచి హాల్లో టీవీ దాకా పోయింది. ఇంటి ఇంటర్నెట్, టీవీ, నాలుగు సిమ్‌లు ఒకే బిల్లు మీద ఇచ్చేవాడితో, సిమ్ ఒక్కటే అమ్మేవాడు ఎంతకాలం పోటీ పడగలడు?

డబ్బు ఉంటే ఇవన్నీ చేసేవాళ్లే కదా, మరి డబ్బు ఎక్కడికి పోయింది? ఏజీఆర్ బాకీ అనే మాట ఏళ్లుగా వార్తల్లో నలుగుతోంది. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో కొంత శాతం లైసెన్స్ ఫీజుగా ప్రభుత్వానికి కట్టాలి. ఆదాయం అంటే టెలికాం సేవల మీద వచ్చిందేనా, వడ్డీలు, అద్దెలు, ఆస్తుల అమ్మకాలు కూడానా అన్నది తగాదా. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. వొడాఫోన్ ఐడియా తన లెక్కలో రూ.21,533 కోట్లే అంది. టెలికాం శాఖ లెక్క రూ.58,254 కోట్లు. అసలు కంటే వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ పెరిగిపోయాయి. ఆ తీర్పు భారాన్ని కలుపుకుని 2019 జూలై-సెప్టెంబర్ త్రైమాసికానికి కంపెనీ చూపించిన నష్టం దాదాపు రూ.50,922 కోట్లు. ఎయిర్‌టెల్‌కు కూడా దాదాపు రూ.44 వేల కోట్ల లెక్క పడింది, కానీ మార్కెట్ నుంచి పెట్టుబడి తెచ్చుకోగలిగింది. 2016లో వచ్చిన జియోకు పాత బాకీయే దాదాపు లేదు. ఒకే పరుగు పందెంలో ఒకడి వీపున బస్తా లేదు, ఒకడు బస్తా మోయగలడు, ఇంకొకడు బస్తా కింద పడిపోయాడు.

2021లో కుమార్ మంగళం బిర్లా తమ వాటాను ప్రభుత్వానికే ఇచ్చేస్తామని లేఖ రాసి, ఆగస్టులో చైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారు. సెప్టెంబర్‌లో కేంద్రం బాకీలకు నాలుగేళ్ల గడువు ఇచ్చింది. 2023లో రూ.16,133 కోట్ల వడ్డీని, 2025లో మరో రూ.36,950 కోట్ల స్పెక్ట్రమ్ బాకీని షేర్లుగా మార్చుకుంది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వానిది 48.99 శాతం వాటా. 49 దాటించే ఉద్దేశం లేదని టెలికాం మంత్రి జ్యోతిరాదిత్య సింధియా చెప్పారు, ఎందుకంటే అలా దాటితే అది ప్రభుత్వ సంస్థ దారి పడుతుంది. బాకీ మాఫీ కోసం కంపెనీ వేసిన పిటిషన్‌ను 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడాది చివర్లో మాత్రం ప్రభుత్వం కావాలనుకుంటే పునఃపరిశీలించుకోవచ్చని తలుపు తెరిచింది.

ఇక్కడ ప్రభుత్వానికి ఎన్ని టోపీలో చూడండి. స్పెక్ట్రమ్ అమ్మేది అదే, బాకీ వసూలు చేసేది అదే, కంపెనీలో పెద్ద వాటాదారు అదే, పోటీలో ఉన్న బీఎస్‌ఎన్‌ఎల్ యజమాని కూడా అదే. వొడాఫోన్ ఐడియా కుప్పకూలితే ప్రైవేటు రంగంలో రెండే మిగులుతాయన్న మాట ప్రభుత్వానికి ఇబ్బంది. అలాగని దాన్ని నిలబెట్టి పరుగెత్తించేంత డబ్బూ పెట్టదు. చేలో దిష్టిబొమ్మ ఉంటే చాలు, పక్షులు భయపడతాయి అన్నట్టుగా ఉంది ఈ విధానం. ఆ బొమ్మను చూసి ఇద్దరు పెద్దలు భయపడుతున్న జాడ మాత్రం లేదు.

కంపెనీ తన వంతు ప్రయత్నం చేయలేదని అనలేం. 2024 ఏప్రిల్‌లో షేరుకు రూ.11 చొప్పున రూ.18,000 కోట్లు సమీకరించింది. సెప్టెంబర్‌లో నోకియా, ఎరిక్సన్, సామ్‌సంగ్‌లతో దాదాపు రూ.30 వేల కోట్ల పరికరాల ఒప్పందం చేసుకుంది. దేశమంతా ఒకేసారి కాకుండా ఎంచుకున్న సర్కిళ్ల మీద దృష్టి పెట్టడం తెలివైన పనే. కానీ ఆ పరికరాలు పెట్టే టవర్లు ఎవరివి? దేశంలో పెద్ద టవర్ కంపెనీల్లో ఒకటైన ఇండస్ టవర్స్‌లో వొడాఫోన్‌కు ఒకప్పుడు వాటా ఉండేది. అప్పులు తీర్చుకోవడానికి అమ్ముకుంటూ పోయింది. 2024 నవంబర్‌లో ఇండస్ ఎయిర్‌టెల్ అనుబంధ సంస్థ అయింది. పోటీదారుడి ఇంట్లో అద్దెకుంటూ అతని మీదే గెలవాలన్నమాట.

2025 మార్చి త్రైమాసికం అంకెలు పక్కపక్కన పెడితే దూరం కనిపిస్తుంది. నెలకు ఒక్కో వినియోగదారుడి మీద ఎయిర్‌టెల్ రూ.245, జియో రూ.206 సంపాదిస్తుంటే వొడాఫోన్ ఐడియాకు వచ్చేది రూ.175. వినియోగదారులు 19.8 కోట్లు, విలీనం నాటి సంఖ్యలో సగం కూడా కాదు.

ఈ లెక్కలు మెహదీపట్నం, టోలిచౌకి, పాతబస్తీ ఇళ్లకు ఎందుకంటే, పోటీ సన్నబడినప్పుడు రేట్లు ఎలా కదులుతాయో 2024 జూలైలో చూశాం. జియో ముందు పెంచింది, మిగతా ఇద్దరూ ఒకటి రెండు రోజుల తేడాలో పెంచారు. 28 రోజుల చిన్న ప్లాన్ ఎయిర్‌టెల్‌లో, వీఐలో రూ.179 నుంచి రూ.199 అయింది, జియోలో రూ.155 నుంచి రూ.189 అయింది. 84 రోజులకు రోజూ ఒకటిన్నర జీబీ ప్లాన్ రూ.719 నుంచి రూ.859కి పోయింది. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒక విడతకే రూ.560 అదనం. 28 రోజుల లెక్క కాబట్టి ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. బాకీల్లో మునిగిన మూడోవాడు రేటు తగ్గించి పోటీ పడతాడన్న ఆశ పనికిరాదు. ఆ ముగ్గురిలో రేటు పెంపు అందరికంటే అవసరమైంది అతనికే. చౌకగా ఇస్తాడనే మాటకు కాదు, రేపు ఇద్దరే మిగిలితే ఆ రేటును ఆపేవాడు ఎవడూ ఉండడన్న మాటకు అతని విలువ.

గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లకు ఇది ఇంకా సూటిగా తగులుతుంది. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడ అనుమతి ఉన్న యాప్‌ల మీద మాట్లాడుకోవాలి. ఏ యాప్ అయినా ఇక్కడ ఇంట్లో డేటా ఉంటేనే. దుబాయ్ నుంచి సెలవుకు వచ్చేవాళ్లు తమ పాత ఇక్కడి నంబర్‌ను బ్యాంకు ఓటీపీల కోసం బతికించుకోవాలి. ఏడాదంతా వాడని నంబర్ మీద కూడా రీచార్జ్ వేయక తప్పదు.

కొంత ఊరట రెండు వైపుల నుంచి వచ్చింది. డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు విడిగా ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. మొదట పెట్టిన ధరల మీద విమర్శలు రాగానే 84 రోజుల ప్లాన్‌ను జియో రూ.448కి, ఎయిర్‌టెల్ రూ.469కి దించాయి. కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ ప్లాన్ల గురించి దుకాణంలో అడిగి తీసుకోవాలి, అడగకపోతే చెప్పేవాళ్లు తక్కువ.

రెండోది బీఎస్‌ఎన్‌ఎల్. 2024 పెంపు తర్వాత కొన్ని నెలలు జనం అటు కదిలారు. 2025 జూన్‌లో హైదరాబాద్‌లోనే ఇంటి 5జీ ఇంటర్నెట్ మొదలుపెట్టింది, సెప్టెంబర్‌లో దేశీయ 4జీని ప్రధాని మోదీ ప్రారంభించారు. రేట్లు తక్కువే. సిగ్నల్ మాత్రం పేటను బట్టి, మేడ మీదా కిందా బట్టి మారుతుంది. అందుకే మారేముందు అదే వీధిలో బీఎస్‌ఎన్‌ఎల్ వాడుతున్నవాళ్ల ఫోన్ తీసుకుని ఇంటి లోపలి గదిలో ఒకసారి కాల్ చేసి చూడటం మంచిది. ఒకసారి పోర్ట్ అయ్యాక మళ్లీ మారాలంటే 90 రోజులు ఆగాల్సిందే.