ఇంట్లో నడిచిన ప్రోగ్రాం అక్కడెందుకు నడవదు?

పెళ్ళి, పిల్లలు, వీసా అంటూ చదువుకి గ్యాప్ వచ్చి, మళ్ళీ ప్రోగ్రామింగ్ క్లాసుల్లో చేరుతున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. పిల్లలు స్కూలుకెళ్ళాక దొరికే మూడు గంటల్లో సి, జావా నేర్చుకుంటున్నాను. మాలో చాలామందికి తగిలే మొదటి దెబ్బ ఒకటుంది. ఇంట్లో విండోస్ లాప్‌టాప్‌లో చక్కగా కంపైల్ అయిన హోంవర్కు, కాలేజీ సర్వర్‌కి పంపగానే "ఫైల్ దొరకలేదు" అంటుంది. ఫైలేమో కళ్ళెదురుగానే ఉంటుంది! "ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నాం, ఇక మన బుర్రకెక్కదులే" అని కోర్సే మానేసినవాళ్ళు నాకు తెలుసు. అందుకే ఈసారి ఈ విషయం.

ఆ సర్వర్లు ఎక్కువగా లినక్స్‌వి. ఫైల్ చిరునామా రాసే పద్ధతి లినక్స్‌ది ఒకటి, విండోస్‌ది ఒకటి. యూనిక్స్ వంశంలో మొదటినుంచీ ఫోల్డర్ల మధ్య / గుర్తే. 1981లో వచ్చిన డాస్ మొదటి వెర్షన్‌లో అసలు ఫోల్డర్లే లేవు, / గుర్తుని కమాండ్ల ఆప్షన్లకి వాడేశారు. 1983లో రెండో వెర్షన్‌లో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు. దాంతో \ పెట్టారు. అదే విండోస్‌కీ వచ్చింది.

చిక్కు ఏమిటంటే, లినక్స్‌లో ఫైల్ పేరులోనే \ ఉండొచ్చు. "లెక్కలు\కూడిక" అని రాస్తే విండోస్‌కి అది లెక్కలు అనే ఫోల్డర్‌లోని కూడిక. లినక్స్‌కి మొత్తం కలిపి ఒకే ఫైల్ పేరు. కంపైలర్ ఏదని అనుకోవాలి? ఇన్‌క్లూడ్ లైన్లో \ వస్తే ఏం చెయ్యాలో సి భాష ప్రమాణం కూడా తేల్చి చెప్పదు. / రాస్తే మాత్రం విండోస్ కంపైలర్లూ ఒప్పుకుంటాయి. కాబట్టి ఎప్పుడూ / రాయండి.

రెండోది పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. మన లిపిలో ఈ తేడా లేదు కాబట్టి కన్ను అంత త్వరగా పట్టదు. మామూలు సెట్టింగుల్లో విండోస్, మ్యాక్ రెండిటినీ ఒకటిగానే చూస్తాయి. లినక్స్ వేరువేరు ఫైళ్ళంటుంది. క్లాంగ్ కంపైలర్ అయితే "ఈ పేరు అసలు ఫైల్ పేరుతో సరిపోలడం లేదు, వేరే చోట పనిచెయ్యకపోవచ్చు" అనే అర్థంలో ముందే హెచ్చరిస్తుంది. ప్రోగ్రాం నడిచింది కదా అని ఆ హెచ్చరికల్ని వదిలెయ్యకండి.

జావా నేర్చుకునేవాళ్ళకి ఇంకొకటి. క్లాస్‌పాత్‌లో రెండు చిరునామాల మధ్య లినక్స్, మ్యాక్‌లలో కోలన్ పెడతాం. విండోస్‌లో "సి:" అని డ్రైవ్ పేరుకే కోలన్ కావాలి, అందుకని అక్కడ సెమికోలన్. పక్కసీటావిడ మ్యాక్‌లో నడిచిన కమాండ్ మీ విండోస్‌లో మొరాయించిందంటే ముందు ఇది చూడండి. ప్యాకేజీ పేర్లలో మాత్రం జావా తెలివిగా ఈ గొడవ తప్పించింది. అక్కడ స్లాషుల్లేవు, చుక్కలే.

మన తెలుగుకీ ఇందులో వాటా ఉంది. "వైద్యం"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. లినక్స్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. అందుకే ప్రోగ్రాం ఫైళ్ళకి తెలుగు పేర్లు పెట్టుకోవాలని ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ ముచ్చట లోపలి కామెంట్లలో తీర్చుకోండి.

పద్ధతి చిన్నదే. పేర్లన్నీ చిన్నక్షరాల్లో పెట్టండి (జావా ఫైల్ పేరు మాత్రం క్లాసు పేరెలా ఉంటే అలాగే ఉండాలి). మధ్యలో ఖాళీలొద్దు. చిరునామా "సి:" నుంచి కాకుండా మీ ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి మొదలుపెట్టండి. గడువుకి ఒకరోజు ముందే సర్వర్ మీద ఓసారి కంపైల్ చేసి చూసుకోండి. ఇవన్నీ చేశాక కూడా "దొరకలేదు" అంటే, పేరుని అక్షరం అక్షరం పోల్చి చూడండి. కోర్సు మానేసే మాట ఆ తర్వాత.