చెదల మందు... పసి మెదడుకు ముప్పు

విత్తే ముందు వేరుశనగ గింజలకు పట్టించే మందు, కొత్త ఇంటి పునాదిలో పోసే చెదల మందు... కర్నూలు, కడప జిల్లాల్లో చాలాచోట్ల ఈ రెండూ ఒకటే. దాని పేరు క్లోరిపైరిఫాస్. చేలో వేరుపురుగుకు, పట్నంలో చెదలకు వాడతారు.

ఐరోపా సమాఖ్య 2020లో దీన్ని ఆపేసింది. 2025లో స్టాక్‌హోం ఒప్పంద దేశాలు కొన్ని మినహాయింపులతో నిషేధ జాబితాలో చేర్చాయి. మన దుకాణాల్లో మాత్రం ఇంకా దొరుకుతోంది.

అంత భయం ఎందుకు? జవాబు మొదట ఎలుకల్లో దొరికింది. ఒక నరం నుంచి మరో నరానికి, కండరానికి కబురు మోసేది ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం. పని అయ్యాక దాన్ని తుడిచేసే ఎంజైమును ఈ మందు కట్టిపడేస్తుంది. కబురు ఆగదు. ఎలుకకు చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆడదు. పురుగు చచ్చేదీ ఇలాగే.

అసలు కలవరం పిల్ల ఎలుకలతో. 1991లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, పెద్ద ఎలుక తట్టుకున్న మోతాదులో ఆరో వంతే పుట్టిన కొద్దిరోజుల పిల్లకు హద్దు. విషాన్ని విరిచే ఎంజైములు దానికింకా సరిగా తయారై ఉండవు. పైకి ఏ లక్షణమూ లేనంత తక్కువ మోతాదులోనూ పిల్లల మెదడు కణాల ఎదుగుదల కుంటుపడిందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధనలు చూపాయి.

'ఎలుక సంగతి మనకెందుకు?' అనొచ్చు. ల్యాబులో ఇచ్చే మోతాదులు మన ఒంటికి చేరేవాటికన్నా చాలా ఎక్కువ, నిజమే. కానీ న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం గర్భిణుల బిడ్డలను ఏళ్ల తరబడి గమనించింది. కడుపులో ఉండగా ఈ మందు ఎక్కువగా సోకిన పిల్లలకు ఏడేళ్ల వయసులో జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు తగ్గాయి. వాళ్లది పొలం కాదు, పురుగుల మందు కొట్టిన నగరపు ఇళ్లు. నా దృష్టిలో మధ్యతరగతి ఇల్లు పట్టించుకోవాల్సింది ఇదే.

ఇంట్లో గర్భిణి, పసిబిడ్డ ఉంటే గోడలకు రంధ్రాలు వేసి చెదల మందు ఎక్కించే పని వాయిదా వేయండి. తప్పదంటే వాళ్లను కొన్నాళ్లు వేరేచోట ఉంచండి. డబ్బా మీద మందు పేరు చదవకుండా పని మొదలుపెట్టనివ్వకండి. ఏరువాక రోజుల్లో పిల్లలు ఊరెళ్తే, మందు పట్టించి మిగిలిన వేరుశనగ గింజలు వాళ్లకు అందకూడదు. వాటిని వేయించినా, గానుగ పట్టించినా విషమే.

చెమటలు, వాంతులు, చొంగ, కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం కనిపిస్తే ఒంటిమీది బట్టలు తీసేసి సబ్బుతో కడిగి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ డబ్బానూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు అట్రోపిన్ మొదలుపెట్టడానికి ఆలస్యం కాదు.