రొయ్యల చెరువు నీటి పరీక్ష: అంకె ఒక్కటే చాలదు

కోస్తా ఆంధ్రలో రొయ్యల రైతులకు నీటి పరీక్ష కొత్త విషయం కాదు. 2009లో వనామి సాగుకు దేశంలో అనుమతి లభించిన తరువాత భీమవరం, నెల్లూరు వంటి ప్రాంతాలలో పరీక్షా కేంద్రాలు విరివిగా వెలిశాయి. రైతు సీసాలో నీరు తెచ్చి ఇస్తే కొద్దిసేపటికే ఒక చీటీ చేతికి వస్తుంది. అందులో ఉదజని సూచిక, లవణీయత, క్షారత, అమ్మోనియా, నైట్రైట్ విలువలు ఉంటాయి. చాలాచోట్ల దాని వెంటే చెరువులో వేయవలసిన మందుల జాబితా కూడా వస్తుంది. పరీక్షలు పెరగడం హర్షించదగినదే. అయితే చీటీలోని అంకెలను అర్థం చేసుకోవడం రైతుకు నేర్పనప్పుడు పరీక్ష వలన పెట్టుబడి తగ్గకపోగా పెరుగుతుంది.

అమ్మోనియానే ఉదాహరణగా తీసుకోవచ్చు. పరీక్షా కిట్ సాధారణంగా చూపేది మొత్తం అమ్మోనియాను. రొయ్యకు ప్రధానంగా హాని కలిగించేది అందులో అయనీకరణం చెందని భాగం. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఉదజని సూచిక 7.5 ఉన్నప్పుడు ఈ భాగం సుమారు 2 నుండి 3 శాతం మాత్రమే. సూచిక 9కి చేరితే అది సుమారు 40 శాతం అవుతుంది. లవణీయతను బట్టి ఈ విలువలు కొంత మారుతాయి. అంటే చీటీలో ‘లీటరుకు 1 మిల్లీగ్రాము’ అన్న ఒకే అంకె ఒక చెరువులో స్వల్ప విషయం, మరొక చెరువులో ప్రమాద సూచన.

పైగా ఒకే చెరువులో ఉదజని సూచిక రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి శ్వాసక్రియ వలన బొగ్గుపులుసు వాయువు పెరిగి తెల్లవారుజామున సూచిక కనిష్ఠంగా ఉంటుంది. పగలు నాచు కిరణజన్య సంయోగక్రియ వలన మధ్యాహ్నానికి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. కాబట్టి నమూనా తీసిన సమయం నమోదు కాని చీటీ అసంపూర్ణమైనది.

పరీక్షా పద్ధతి కూడా ముఖ్యమే. నెస్లర్ కారకం వాడినప్పుడు ఉప్పు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అవక్షేపించి నీరు మసకబారుతుంది. దానిని నివారించకపోతే రంగును బట్టి చదివిన విలువ తప్పవుతుంది. ఉప్పు నీటికి తగిన కిట్ ఏదో రైతుకు చెప్పవలసినది విస్తరణ శాస్త్రవేత్తలే.

తప్పుగా చదివిన అంకెకు మూల్యం చెల్లించేది రైతే. అమ్మోనియా అధికమని చెప్పగానే బస్తాల కొద్దీ జియోలైట్ వేయడం పరిపాటి అయింది. నేలలో ధనాయన మార్పిడి గురించి చదివిన ప్రతి వ్యవసాయ విద్యార్థికీ ఇందులోని లోపం బోధపడాలి. ఉప్పు నీటిలో సోడియం అయాన్లు అమ్మోనియంతో పోటీపడి మార్పిడి స్థానాలను ఆక్రమిస్తాయి. అందువలన అక్కడ జియోలైట్ అమ్మోనియాను గ్రహించే సామర్థ్యం బాగా తగ్గిపోతుంది. మేత తగ్గించడం, ఏరియేటర్లు నడపడం వంటి చర్యలను ముందుగా ఆలోచించాలి.

లవణీయత అంకె కూడా ఇటువంటిదే. సముద్రపు నీటిలో సోడియం, పొటాషియం నిష్పత్తి సుమారు 28:1. మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తి సుమారు 3:1. బోరు నీటిలో లవణీయత సరిపోయినా ఈ నిష్పత్తులు ఉండకపోవచ్చు. పొటాషియం కొరవడిన నీటిలో రొయ్యల పెరుగుదల, బతుకుదల రెండూ దెబ్బతింటాయి. లవణీయత మాత్రమే కొలిచిన చీటీ ఈ లోపాన్ని చూపదు.

పొద్దంతా చెరువు గట్టున శ్రమించే రైతుకు ఇన్ని లెక్కలు సాధ్యమా అన్న ప్రశ్న సహజమైనది. ఇందుకు ప్రయోగశాల అవసరం లేదు. తెల్లవారుజామున, మధ్యాహ్నం ఉదజని సూచికను, ఉష్ణోగ్రతను పుస్తకంలో రాసుకోవడం, అమ్మోనియా విలువ పక్కన సమయం వేయడం, మందు కొనేముందు మరొకసారి పరీక్షించడం చాలు. పరీక్ష చేసేవారూ, మందు అమ్మేవారూ ఒకరే అయినచోట రెండవ పరీక్ష వేరేచోట చేయించడం మేలు.

భూసార పరీక్ష విషయంలో విస్తరణ వ్యవస్థ దశాబ్దాలుగా ఇదే పాఠం చెబుతున్నది: నమూనా తీసే పద్ధతి తప్పితే ఫలితం తప్పుతుంది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలకు వెళ్ళే విద్యార్థులు మట్టి నమూనాతో పాటు నీటి నమూనా తీయడం కూడా నేర్పాలి. ఒక్కొక్క విద్యార్థి ఒక్క రైతుకైనా నీటి పుస్తకం రాయడం అలవాటు చేస్తే, మందుల జాబితా చేతికి వచ్చినప్పుడు ఆ రైతు ‘ఎందుకు’ అని అడగగలుగుతాడు.