సేవలు ఇక అక్కర్లేదు

నా సర్వీసు 14 సంవత్సరాల 2 నెలలు. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 సంవత్సరాలు నిండాలి. ఇంకో పది నెలలుందనగా, 1993 ఏప్రిల్లో, డిశ్చార్జి బుక్కు చేతిలో పెట్టి రైలెక్కించారు. ఎందుకు పంపారో రాసే గడిలో ఇంగ్లీషులో నాలుగు మాటలున్నాయి: సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్. నీ సేవలు ఇక అక్కర్లేదు. నడవడి గడిలో ‘ఫెయిర్’ అని ఉంది. ఫెయిరంటే బాగానే ఉన్నట్టు గదా అని మా మేనమామ సంబరపడ్డాడు. పల్టన్ భాషలో దాని అర్థం వేరు. ఏదో చేసి పోయినోడని.

ఆ రాత మార్చమని అడుగుతున్నాను. మద్రాసు వకీలుగారు పిటిషన్ రాసి పంపారు. అందులో ఒక వాక్యం, ‘పిటిషనరు వయసునూ, పేదరికాన్నీ, దళిత కుటుంబమన్న సంగతినీ గమనించి దయతో’ అని. నేనా వాక్యం కొట్టేశాను. వకీలుగారు మంచాయనే. “దయ అని ఉంటే తప్పేముందండీ, ఎదుటివాళ్ళ మనసు కరుగుద్ది” అన్నారు. కరగక్కర్లేదు. దయ అడిగినవాడు తప్పు ఒప్పుకున్నట్టే. నేనడిగేది దిద్దుబాటు. ఆ వాక్యం ఎందుకు కొట్టేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డబ్బు కోసమా అని అడిగేవాళ్ళున్నారు. అవును, డబ్బు కోసం కూడా. పెన్షన్ లేదు. క్యాంటీన్ కార్డు లేదు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో నేను మాజీ సైనికుణ్ణి కాదు. నడవడి బాగోక పంపిన మనిషి ఆ లెక్కలోకి రాడంట. ఇరవై రెండేళ్ళు పొగాకు గోడౌన్ల దగ్గర వాచ్‌మన్ పని చేశాను. డిశ్చార్జి బుక్కు చూపించిన ప్రతిచోటా మిగతావాళ్ళకంటే తక్కువ జీతానికి కుదిరాను. డబ్బు ముఖ్యం కాదనడానికి నా దగ్గర అంత డబ్బు లేదు.

ఇక నేను చేసిన నేరాలు చెప్తాను.

పల్టన్లో ప్రతి సిపాయికీ ఒక కాండక్ట్ షీటు ఉంటది. చిన్న శిక్ష నల్లసిరాతో రాస్తారు, పెద్ద శిక్ష ఎర్రసిరాతో రాస్తారు. ఎర్ర రాతలు నాలుగు పడితే ఆ సిపాయి పల్టన్‌కి పనికిరానివాడని, ఆర్మీ రూల్స్ 1954లో 13వ రూలు కింద పంపించెయ్యడం ఆనవాయితీ. నాకు నాలుగు పడ్డాయి.

మొదటిది 1985. మాది చీరాల దగ్గర పల్లె. మా అక్కని కారంచేడు ఇచ్చాం. నేను సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నాను. జూలై 17న కమ్మ భూస్వాములు కారంచేడు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. బతికినోళ్ళు చీరాలకి పరుగెత్తారు. మా బావ చెయ్యి విరిగింది. మా అక్క ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని పొలాలకడ్డంబడి వచ్చింది. శిబిరంలో అన్నం వండాలి, దెబ్బలు తగిలినోళ్ళని ఆస్పత్రికి మొయ్యాలి. సెలవు పొడిగించమని టెలిగ్రామ్ కొట్టాను. జవాబు లేదు. పన్నెండు రోజులు ఆలస్యంగా పోయాను. పేషీలో నిలబెట్టి, “చచ్చింది మీ అమ్మా, మీ అబ్బా?” అని అడిగారు. కాదన్నాను. ‘సరైన కారణం లేకుండా సెలవు మీరినందుకు’ అని రాశారు. అది ఆర్మీ యాక్టు 39వ సెక్షన్లో ఉన్న మాటే. క్వార్టర్ గార్డులో పద్నాలుగు రోజులు.

రెండోది 1986. లంగరులో వడ్డించే వంతు నాది. ఒక నాయక్ పళ్ళెం వెనక్కి లాక్కుని, నా చెయ్యి తగిలిన పప్పు తననని, అమ్మనీ కులాన్నీ కలిపి ఒక మాటన్నాడు. నేను గరిట విసిరి ఇంకో మాటన్నాను. ఛార్జిషీటులో నేనన్న మాట మూడు భాషల్లో రాశారు. అతనన్న మాట ఒక్క భాషలో కూడా లేదు. ఇరవై ఎనిమిది రోజులు. అంతకుమించి వెయ్యడానికి కమాండింగ్ ఆఫీసరుకి అధికారం లేదు గనక ఆగింది.

మూడోది 1991. ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది మాలల్ని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. అప్పుడూ నేను సెలవులోనే ఉన్నాను. “చచ్చింది మాలలు, నువ్వు మాదిగోడివి, నీకెందుకు రా” అని మా వాళ్ళే అన్నారు. కారంచేడప్పుడు మాలపల్లెలోంచి మాకు బియ్యం మూటలొచ్చాయి. నాకెందుకో నాకు తెలుసు. తొమ్మిది రోజులు ఆలస్యం. మళ్ళీ అదే మాట. సరైన కారణం లేకుండా.

నాలుగోది 1992. తాగి డ్యూటీకి పోయాను. ఇది నా తప్పే. దీనికి కారంచేడునీ చుండూరునీ అడ్డం పెట్టుకోను. దీన్ని కొట్టెయ్యమని నేనడగటం లేదు.

మధ్యలో ఒకటి వదిలేశాను. 1987 నుంచి 1990 దాకా మన సైన్యం శ్రీలంకలో ఉంది. నేనూ ఉన్నాను. జాఫ్నాలో అడుగు తీసి అడుగేస్తే కింద మందుపాతర ఉందో లేదో తెలియదు. నా పక్కన పడుకున్నోడు తెల్లారి లేడు. అక్కడ నాకు ఒక్క ఎర్ర రాత పడలేదు. నల్ల రాతా పడలేదు. తుపాకి గుండ్ల కింద పనికొచ్చిన మనిషి, ఇంటికొచ్చి తన జనం శవాల దగ్గర నిలబడితే పనికిరాకుండా పోయాడు.

షోకాజ్ నోటీసు ఇంగ్లీషులో ఇచ్చారు. జవాబు కూడా గుమాస్తానే ఇంగ్లీషులో రాశాడు. నేను సంతకం పెట్టాను. విచారణ అన్నది జరగలేదు. అలా చెయ్యకూడదని 1988 డిసెంబర్ 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన ఉత్తరువే ఉంది. ముందు నిష్పక్షపాతంగా విచారణ జరపాలి. సిపాయి ఎన్నేళ్ళు చేశాడు, ఎంత కష్టమైన తావుల్లో చేశాడు, పెన్షన్‌కి ఎంత దగ్గరలో ఉన్నాడు, అన్నీ చూడాలి. 2015 అక్టోబర్‌లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నాలుగు ఎర్ర రాతలు పడ్డంత మాత్రాన పంపెయ్యాలని లేదంది. ఆయన్ని పెన్షన్‌కి కావలసిన సర్వీసు నిండేదాకా కొలువులో ఉన్నట్టే లెక్కించమంది. ఆ కేసు గట్టిగా నిలబడి కొట్లాడినాయనకి నేను రుణపడి ఉన్నాను.

ఈ తీర్పు సంగతి నాకు తెలిసేసరికి మూడేళ్ళు గడిచాయి. 2019లో రికార్డు ఆఫీసుకి రాశాను, నా ఛార్జిషీట్లూ పేషీ కాయితాలూ ఇవ్వమని. జవాబొచ్చింది. పెన్షన్ లేనివాళ్ళ కాయితాలు 25 సంవత్సరాలే దాస్తారంట. నావి నాశనం చేసేశారు. లాంగ్ రోల్ అనే పెద్ద పుస్తకంలో మాత్రం నా పేరూ నంబరూ ఉన్నాయంట. పక్కన ఆ నాలుగు మాటలున్నాయంట. అది ఎప్పటికీ ఉంటదంట.

చూశారా? నేను ఎందుకు ఆలస్యమయ్యానో చెప్పే కాయితం పోయింది. నేను పనికిరానని చెప్పే కాయితం ఉంది. కారణం కాలిపోయాక మచ్చని ఎవడు దిద్దుతాడు? పెన్షన్ ఇవ్వలేదు గనక కాయితాలు ఉంచలేదు. కాయితాలు లేవు గనక పెన్షన్ అడగలేను. ఇది ఏ ఒక్క ఆఫీసరో పగబట్టి చేసింది కాదు. రూలు ప్రకారం జరిగిందే. మాకు జరిగేవన్నీ రూలు ప్రకారమే జరుగుతాయి.

ఇలాంటి రాత ఒకచోట మారింది. అదీ చెప్పాలి. బ్లాక్ పాంథర్స్ పేరు చూసి మనవాళ్ళు 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పెట్టారు. ఆ 1972లోనే అమెరికా సైన్యం 167 మంది నల్ల సిపాయిల డిశ్చార్జి మార్చింది. అది 1906 నాటిది. టెక్సాస్‌లో బ్రౌన్స్‌విల్ అనే ఊళ్ళో ఒక రాత్రి కాల్పులు జరిగి ఒక తెల్లమనిషి చచ్చిపోయాడు. పక్క కోటలో ఉన్న నల్ల పల్టన్ మీదికి నెట్టారు. కాల్చిందెవరో చెప్పమన్నారు. మాకు తెలియదన్నారు. చెప్పలేదు గనక అందరూ దోషులేనని ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ 167 మందినీ విచారణ లేకుండా, గౌరవం లేకుండా పంపేశాడు. 26 ఏళ్ళు చేసిన సార్జెంటు మింగో సాండర్స్‌కీ పెన్షన్ లేదు. 66 ఏళ్ళ తర్వాత తప్పయిందన్నారు. అప్పటికి వాళ్ళలో డార్సీ విల్లిస్ అనే ముసలాయన మిగిలున్నాడు. ఆయన మినియాపొలిస్‌లో మంగలిషాపులో అరవై ఏళ్ళ దగ్గర దగ్గర బూట్లు పాలిష్ చేసి బతికాడు. 1973లో 25,000 డాలర్లు మంజూరు చేశారు.

మా అబ్బాయి ఇది చదివి చెప్పినప్పుడు నేను బూట్ల దగ్గర ఆగిపోయాను. మా నాయన ఊరందరికీ చెప్పులు కుట్టాడు. ఊరి బజార్లో మాత్రం తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. 1979లో నేను మొదటి సెలవుకి వచ్చినప్పుడు పల్టన్ బూట్లతో ఆ బజార్లో ఈ చివర్నించి ఆ చివరికి నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. 1993లో వచ్చినప్పుడు రచ్చబండ మీద నుంచి ఒక ఆసామి అడిగాడు, “ఏరా, మిలిట్రీ కూడా నిన్నొద్దందంట గదా?” పద్నాలుగేళ్ళు దాచుకున్న మాట అది.

సైన్యంలో కులం లేదంటారు. జాట్, రాజ్‌పుత్, డోగ్రా, మహార్, ఈ పేర్లన్నీ పల్టన్లవే గదా. రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి జాట్లనీ, రాజ్‌పుత్‌లనీ, జాట్ సిక్కుల్నీ మాత్రమే తీసుకుంటున్నామని, అది పని అవసరం కొద్దీ చేస్తున్నదని 2013లో సైన్యమే సుప్రీంకోర్టుకి చెప్పుకుంది. 1818లో కోరేగావ్‌లో పోరాడిన మహార్లని 1892లో సైన్యంలో చేర్చుకోవడం మానేశారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ ఆ సైన్యంలో సుబేదారు. తిరిగి చేర్చుకోమని 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ రాశాడు. మహార్ రెజిమెంటు నిలబడింది 1941లో. చమార్ రెజిమెంటుని 1943లో పెట్టి 1946లో ఎత్తేశారు. జాతులకి జాతులకే ‘సేవలు ఇక అక్కర్లేదు’ అని రాసిన చెయ్యి అది. నాకు రాయడం దానికెంత పని?

మనవాళ్ళలోనే ఇంకో మాటంటారు. ఆ సైన్యం మనది కాదు, దాని సర్టిఫికెట్ నీకెందుకు, చించి పారెయ్ అని. సభల్లో చప్పట్లకి బాగుంటది. ఆ కాయితం చించితే పోయేది నా చేతిలో ముక్కే, వాళ్ళ పుస్తకంలో రాత కాదు. మనం చించుకుంటా పోతే ఊరి లెక్కలన్నీ వాళ్ళ పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి. భూమి అడంగల్ అయినా అంతే, కాండక్ట్ షీటు అయినా అంతే. రాసినోడి చేతే దిద్దించాలి.

అందుకని నేను అడిగేవి ఇవి. 1985, 1991 రాతల్లో ‘సరైన కారణం లేకుండా’ అన్న మాట తీసెయ్యాలి. 1986 రాత పక్కన ఆ నాయక్ అన్న మాట కూడా రాయాలి. 1992 రాత ఉండనివ్వండి. పదిహేనేళ్ళు నిండినట్టు లెక్కగట్టి పెన్షన్ ఇవ్వాలి. లాంగ్ రోల్లో ఆ నాలుగు మాటలు కొట్టేసి, ఎందుకు కొట్టేశారో కూడా పక్కన రాయాలి. ఊరికే కొట్టేస్తే దయ అవుద్ది.

పల్టన్లో చేరే మన పిల్లలకి ఒక మాట. 2022 నుంచి అగ్నిపథ్ కింద చేరినవాళ్ళని నాలుగేళ్ళకి నాలుగో వంతుకి మించి ఉంచుకోరు. చేతికొచ్చే కాయితమే మీకు మిగిలేది. ఇంగ్లీషులో ఏదిచ్చినా చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ప్రతిదానికీ నకలు అడగండి. టెలిగ్రామ్ కొట్టిన రసీదు నేను దాచుకోలేదు. చీరాల పోస్టాఫీసులో ఒక్క రూపాయి పెట్టె కొనుక్కుని అందులో వేసుకున్నా ఇవాళ నా చేతిలో ఉండేది.

వాక్యం కొట్టేసిన పిటిషన్ వకీలుగారికి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఆ రసీదు ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్కులో పెట్టాను.