అయిదుగురు కొడుకుల ఓడ

అమెరికాలో అయోవా రాష్ట్రపు సల్లివాన్ దంపతులకు అయిదుగురు కొడుకులు. ఒకే ఓడలో ఉంటామని పట్టుబట్టి మరీ నౌకాదళంలో చేరారు. 1942 నవంబరు 13న గ్వాడల్‌కెనాల్ వద్ద ఆ ఓడ మునిగింది. ఒక్కడూ తిరిగి రాలేదు.

అప్పటికే వేరే పేరుతో కడుతున్న యుద్ధనౌకకు ‘ది సల్లివాన్స్’ అని పేరు మార్చారు. 1943 ఏప్రిల్‌లో దానికి జలప్రవేశం చేయించింది ఎవరనుకున్నారు? కన్నతల్లే. ఆమెకు చేతులెలా ఆడాయో!

ఆ ఓడ చేసిన యుద్ధాల పట్టిక పెద్దదే. నాకు మటుకు 1945 మే నెల ఒక్కటే చాలు. ‘బంకర్ హిల్’ నౌక తగలబడుతూంటే, ప్రాణభయంతో సముద్రంలో దూకిన 166 మందిని ‘ది సల్లివాన్స్’ పైకి లాగింది. 166 మంది తల్లుల బిడ్డలు!

తర్వాత కొరియా యుద్ధం, 1965లో విశ్రాంతి. అన్నదమ్ములలో ఆల్బర్టు కొడుకు పెద్దవాడై ఈ ఓడలోనే కొలువు చేశాడు.