గోడ మీది సర్టిఫికెట్ కౌంటరు దగ్గరకు రావాలి

గొంతు నొప్పిగా ఉందంటే చాలు, మందుల షాపు కుర్రాడు ఓ యాంటీబయాటిక్, ఓ నొప్పి బిళ్ల, ఓ గ్యాస్ బిళ్ల కత్తిరించి చేతిలో పెడతాడు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది. ఆ మనిషి మాత్రం చాలాచోట్ల కనిపించడు. చిన్నాచితకా జబ్బులకు షాపులో వైద్యం జరగవచ్చా అన్న చర్చ ఇక అనవసరం. ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. చదివినవారి చేతుల మీదుగా, ఒక హద్దులో జరుగుతోందా అన్నదే తేలాలి.

ఇంగ్లండ్ ఆ హద్దు గీసింది. 2024 జనవరి 31న మొదలైన ‘ఫార్మసీ ఫస్ట్’ కింద గొంతు నొప్పి, చెవిపోటు, సైనసైటిస్, సర్పి, మహిళల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ వంటి ఏడు సమస్యలకు ఫార్మసిస్టే మందు ఇవ్వవచ్చు. అయితే ప్రతిదానికీ రాసిపెట్టిన పద్ధతి ఉంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు 16 నుంచి 64 ఏళ్ల వయసు మహిళలకే. గర్భిణి అయితే డాక్టరు దగ్గరకే పంపాలి. అసలు కిటుకు ఫీజులో ఉంది. పద్ధతి ప్రకారం పరీక్షించి ‘మీకు యాంటీబయాటిక్ అక్కర్లేదు’ అని పంపేసినా ప్రభుత్వం ఫీజు చెల్లిస్తుంది.

మన దగ్గర చట్టాలకు కొదవ లేదు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. మందు వాడే తీరు రోగికి వివరించడం ఆయన విధి అని 2015 నిబంధనలు చెబుతున్నాయి. కొన్ని యాంటీబయాటిక్స్ వంటివి ఉన్న షెడ్యూల్ హెచ్1 జాబితా మందులు ఎవరికి అమ్మిందీ రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. లేనిదల్లా మాటకు విలువ. షాపుకు ఆదాయం అమ్మిన సరుకు మీదే. తామరకు స్టెరాయిడ్ కలిసిన క్రీము వద్దని చెబితే మిగిలేది బేరం పోవడమే. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్ పేరుతో తీపి పానీయాలు అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపలేదు. అవి ఓఆర్ఎస్ కావన్న ముక్క ప్రతి కౌంటరు దగ్గరా ఫార్మసిస్టు చెప్పి ఉండాల్సింది.

ఇంగ్లండ్ జాబితాను యథాతథంగా దించుకోనక్కర్లేదు. రోగి పాత రికార్డు అందుబాటులో లేనిచోట యాంటీబయాటిక్స్ అధికారం ఇప్పుడే ఇవ్వడం తొందరపాటు. జలుబు, విరేచనాలు, తామర వంటి కొన్నింటితో, ఫార్మసిస్టు ఉన్న షాపుల్లోనే మొదలుపెట్టాలి. సలహాకు ప్రభుత్వమే రుసుము ఇవ్వాలి. సర్టిఫికెట్ అద్దెకిచ్చిన వారి రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి.

ప్రమాదకర జబ్బును చిన్నదనుకుంటే ఎలాగన్న వైద్యుల భయంలో న్యాయముంది. కానీ ఆ ప్రమాదం ఇప్పుడూ ఉంది. ఛాతీలో మంటగా ఉందని గ్యాస్ బిళ్ల కోసం వచ్చిన మనిషిని చెమటలు పడుతున్నాయా, చేయి లాగుతోందా అని అడిగి, బిళ్ల బదులు 108కి ఫోన్ చేసేవాడు కావాలి. ఆ ఫోన్ చేసినందుకు ఈరోజు షాపు గల్లాపెట్టెలో పడేది సున్నా.