చీర సరే, చెరువేది?

వారసత్వాన్ని రాజకీయానికి వాడుకున్నారని ఉద్యమకాలంలో మనల్ని వెక్కిరించినవాళ్లున్నారు. అవును, వాడుకున్నాం. 2011లో సకల జనుల సమ్మె సాగిన 42 రోజుల నడుమనే బతుకమ్మ వచ్చింది. ధర్నా టెంట్ల కాడ, నడిరోడ్ల మీద ఆడబిడ్డలు చప్పట్లు కొట్టి ఆడారు. వంద ఉపన్యాసాలు చెప్పలేని మాట ఆ ఆట చెప్పింది. మన గుర్తును మనం చూపించుకోవడంలో తప్పేముంది?

రాష్ట్రం వచ్చాక 2014లో అది రాష్ట్ర పండుగైంది. సంతోషించాం. ఆ వెంటనే ఫ్లెక్సీల మీదికీ ఎక్కింది. 2016లో గిన్నిస్ రికార్డు కోసం ఎల్బీ స్టేడియంలో ఆడించారు. పోనీ, ఒకనాటి ముచ్చట అనుకుందాం.

2017లో మొదలైన చీరల సంగతి అట్లా వదిలేసేది కాదు. తొలి ఏడే కొన్ని చీరలు సూరత్ నుంచి తెచ్చి ఆడవాళ్లతో తిట్లు తిన్నారు. అయినా ఆ పథకంతో, ఆత్మహత్యల ఊరుగా పేరుపడ్డ సిరిసిల్లలో మరమగ్గాలు నెలల తరబడి ఆడాయి. పండుగ కూలి పుట్టించింది. అది చిన్న విషయమని మేం అనం. ప్రభుత్వం మారింది, 2024లో బతుకమ్మ చీర ఆగింది. పాత బకాయిలు రాక, కొత్త ఆర్డర్లు లేక ఆసాములూ కార్మికులూ రోడ్డెక్కారు. తర్వాత మహిళా సంఘాలకు ఇందిరా మహిళా శక్తి చీరలన్నారు. చీర పేరు మారింది. కార్మికుడి పొయ్యి మాత్రం సచివాలయం సంతకానికే వేలాడుతోంది. బడిపిల్లల బట్టలు, హాస్టల్ దుప్పట్లు, ఆసుపత్రి పక్కగుడ్డలు ఏటా సర్కారు కొనేవే కదా, ఏ పార్టీ గెలిచినా ఆగని ఆర్డరుగా వాటిని సిరిసిల్లకు రాసివ్వడానికి అడ్డమేమిటి?

ఇక ఆ చీర కట్టుకున్న ఆడబిడ్డ పువ్వుకు ఎక్కడికి పోవాలి? తంగేడు, గునుగు ఎవరూ నాటరు. బీళ్లలో, గుట్టల కింద, చేల గట్ల మీద వాటంతటవే పూస్తాయి. పట్నం చుట్టూ ఆ బీళ్లు ప్లాట్లయ్యాయి, పువ్వు అంగట్లో కొంటున్నాం. తంగేడును రాష్ట్ర పుష్పం చేసినవాళ్లు అది పూసే జాగను కాపాడలేదు. సద్దుల నాడు బతుకమ్మను సాగనంపాల్సిన చెరువుల శిఖం భూముల్లో మేడలు లేచాయి. చాలా బస్తీల్లో సిమెంటు తొట్టే దిక్కు.

వచ్చే బతుకమ్మలోపు ప్రతి చెరువుకూ హద్దురాళ్లు పాతాలి. శిఖం ఎన్ని ఎకరాలో, అందులో ఎన్ని పోయాయో పంచాయతీ గోడ మీద రాయాలి. సిరిసిల్లకు ఆర్డరు ఉగాది నాటికే చేరాలి, బకాయితో సహా.